పలుకు (గానం, రచన)

పలుకు అనగా మాట అనీ, మాటను పలికే తీరు అనీ రెండు అర్థాలున్నాయి. ఆంగ్లంలో డిక్షన్ అనే పదం కూడా ఈ రెండు అర్థాలలోనూ వాడుకలో ఉన్నది. గాయకుడు సాహిత్యాన్ని ఎంత స్పష్టంగా, ఎంత శుద్ధంగా పలుకుతున్నాడు అని చెప్పేటప్పుడు సంగీతజ్ఞులు ఆ పదాన్ని వాడతారు. రచయిత ఏ మాటను ఎన్నుకున్నాడు, ఎందుకు ఎన్నుకున్నాడు అని చెప్పేటప్పుడు సాహిత్య విమర్శకులు వాడతారు. తెలుగులో మొదటిదానిని ఉచ్చారణ అనీ, రెండవదానిని పదప్రయోగం అనీ అంటారు. పలుకుబడి అనే మాట నేడు ఎక్కువగా అధికారుల వద్ద చెల్లుబాటు అనే అర్థంలో వినబడుతున్నది గాని, మాట తీరు, నుడికారం అనే అర్థం కూడా దానికి ఉన్నది.

ఈ రెండూ వేరువేరు విద్యలుగా కనిపించినా తెలుగులో వీటిని విడదీసి చూడడం కష్టం. తెలుగు మాటలు ఒకదానితో ఒకటి సంధి పొంది కలసిపోతాయి. ఎక్కడ ఒక మాట ముగిసి మరొకటి మొదలైనదో వినేవారికి తెలియజేయవలసిన భారం పలికేవాని మీద ఉంటుంది. అలా తెలియజేయడానికి వీలైన మాటలను కూర్చవలసిన భారం రచయిత మీద ఉంటుంది.

శాస్త్రగ్రంథాలలో

ఉచ్చారణను గురించిన ఆలోచన మన దేశంలో వేదాధ్యయనంతో మొదలైనది. ఆరు వేదాంగాలలో శిక్ష ఒకటి. వర్ణాలు పుట్టే స్థానాలు, వాటి కాలపరిమాణం, స్వరం మొదలైనవి శిక్షాగ్రంథాల విషయం. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అనే ఆరింటిని పేర్కొన్నది.

పాణినీయ శిక్షలో మంచి పాఠకునికి ఉండవలసిన గుణాలు ఆరు చెప్పబడ్డాయి. అవి మాధుర్యం, అక్షరాల స్పష్టత, పదచ్ఛేదం (మాటలను విడదీసి పలకడం), మంచి స్వరం, ధైర్యం, లయజ్ఞానం. అధమ పాఠకులు కూడా ఆరు విధాలవారు: రాగం తీస్తూ చదివేవాడు, వేగంగా చదివేవాడు, తల ఊపుతూ చదివేవాడు, వ్రాసినదానిని చూసి చదివేవాడు, అర్థం తెలియక చదివేవాడు, గొంతు చాలనివాడు. నేటి కచేరీలలో గాయకుని ముందు పుస్తకమో టాబ్లెట్ ఫలకమో ఉండడం సాధారణమైనది కనుక నాలుగవ దోషం ఇప్పుడు దోషంగా లెక్కకు రావడం లేదు. అయిదవ దోషం మాత్రం అలాగే ఉన్నది. ఆడపులి తన పిల్లలను నోట కరచుకొని పోయేటప్పుడు కోరలు గుచ్చుకోకుండా, జారిపడకుండా ఎలా పట్టుకొంటుందో అక్షరాలను అలా పలకాలని ఆ గ్రంథం చెప్పిన ఉపమానం ప్రసిద్ధమైనది. అక్షరాన్ని నలిపివేయడం, జారవిడవడం అనే రెండు తప్పులూ ఇందులో ఇమిడి ఉన్నాయి.

పలుకులో తప్పు జరిగితే అర్థం తలక్రిందులవుతుందనడానికి 'ఇంద్రశత్రు' కథను ఉదహరిస్తారు. ఇంద్రుని చంపగల కొడుకు కావాలని త్వష్ట యజ్ఞం చేసినప్పుడు ఆ సమాసం స్వరం తప్పి పలకబడినది. తత్పురుష కావలసినది బహువ్రీహి అయి, 'ఇంద్రునికి శత్రువు' అనడానికి బదులు 'ఇంద్రుడు ఎవనికి శత్రువో వాడు' అనే అర్థం వచ్చినది. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతిలో మరణించాడు. అక్షరాలు అన్నీ సరిగా ఉన్నప్పటికీ పలికిన తీరు వలన మాట మారిపోవడం ఈ కథలోని విశేషం.

సంగీతశాస్త్రంలో 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుని సంగీత రత్నాకరం గాయక దోషాలను 25గా లెక్కించినది. వాటిలో పళ్ళు బిగించి పాడడం (సందష్టం), అక్షరాలు తెలియకుండా పాడడం (అవ్యక్తం), ముక్కుతో పాడడం (సానునాసికం) నేరుగా ఉచ్చారణకు సంబంధించినవి. భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించి, అందులో మాటతో చేసే అభినయాన్ని వాచికం అన్నది.

తెలుగు ధ్వనులలోని చిక్కులు

చిన్నయ సూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం తెలుగునకు వర్ణాలు ముప్పది ఆరు. వర్ణమాలలో కనిపించే మిగిలిన అక్షరాలు సంస్కృత, ప్రాకృత పదాలతో పాటు వచ్చినవి. కనుక ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ వంటి ఒత్తక్షరాలు (మహాప్రాణాలు) సాధారణంగా తత్సమ పదాలలోనే వస్తాయి. వాడుకలో చాలామంది వీటిని తేల్చి పలుకుతారు. మాట్లాడేటప్పుడు సందర్భం అర్థాన్ని కాపాడుతుంది. పాటలో మాటకు మాటకు మధ్య ఎడం ఎక్కువ కనుక సందర్భం అంతగా ఆదుకోదు. 'ధార' అనగా ప్రవాహం, 'దార' అనగా భార్య. 'ఫలము' పండు, 'పలము' ఒక తూకం.

ల, ళ ల భేదం, న, ణ ల భేదం కూడా ముఖ్యమైనవి. 'కల' నిద్రలో వచ్చేది, 'కళ' నేర్చుకొనేది లేదా ముఖంలో కనిపించేది. 'వేల' సంఖ్య, 'వేళ' సమయం. శ, ష, స ల భేదం నగరాలలో పెరిగిన పిల్లలలో బాగా తగ్గిపోయినది. 'శివుడు' అనే మాట 'షివుడు'గా వినబడడం ఇందుకు ఉదాహరణ. 'జ్ఞ' ను తెలుగువారు 'గ్న' వలెనూ, 'బ్రహ్మ'ను 'బ్రమ్హ' వలెనూ పలకడం ఎంతోకాలంగా ఉన్నది. ఇది దోషమా, తెలుగువారి అలవాటా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. తెలుగు పాటలో దీనిని దోషంగా ఎంచవలసిన పని లేదనీ, సంస్కృత శ్లోకంలో మాత్రం సరిచేసుకోవాలనీ చెప్పడం సమంజసం.

వ్రాతలో కనిపించని భేదం చ, జ లలో ఉన్నది. ఇ, ఈ, ఎ, ఏ లతో కూడినప్పుడు ఇవి తాలవ్యాలు (చిలుక, చెట్టు, జింక). అచ్చ తెలుగు మాటలలో మిగిలిన అచ్చులతో కూడినప్పుడు దంత్యాలు (చదువు, చాప, చుక్క, జాలి). సంస్కృతం నుండి వచ్చిన చంద్రుడు, చామరము, జనకుడు వంటి పదాలలో తాలవ్యాలే. దంత్యాలను గుర్తించడానికి అక్షరం నెత్తిన రెండు అంకెను పోలిన గుర్తు పెట్టి ౘ, ౙ అని వ్రాసే పద్ధతి ఒకప్పుడు నిఘంటువులలో ఉండేది. వాడుకలో అది నిలువలేదు. తెలుగు ఇంటిభాషగా గలవారికి ఈ భేదం నోటికి వచ్చి ఉంటుంది. ఇతరులు 'చాల', 'జాలి' వంటి మాటలను తాలవ్యంగా పలికినప్పుడు అక్షరం సరిగానే ఉన్నా మాట పరాయిదిగా వినబడుతుంది.

హ్రస్వ దీర్ఘాల విషయంలో గాయకునికి మరొక ఇబ్బంది ఉన్నది. పాటలో హ్రస్వాక్షరం మీద కూడా స్వరం చాలాసేపు నిలువవచ్చును. అప్పుడు 'సుతుడు' (కొడుకు) 'సూతుడు' (రథసారథి) కాకుండా కాపాడుకోవాలి. అనుభవజ్ఞులు దీనికి చెప్పే ఉపాయం ఏమంటే, అచ్చును మొదట హ్రస్వంగానే తాకి, తరువాతి సాగింపును నాదంగా మాత్రమే నడిపించాలి. నోటి తీరును దీర్ఘాచ్చులోనికి మార్చకూడదు. మాటలలో చెప్పినంత తేలిక కాదు ఇది.

గానంలో పదచ్ఛేదం

కర్ణాటక సంగీతంలో కృతులలో ఎక్కువ భాగం తెలుగులో ఉన్నాయి. త్యాగరాజు (1767-1847) తిరువయ్యారులో నివసించి ప్రధానంగా తెలుగులో రచించాడు. శ్యామశాస్త్రి (1762-1827) కృతులలోనూ తెలుగువి అనేకం. నాయక రాజుల కాలం నుండి తంజావూరు ఆస్థానంలో తెలుగుకు ఆదరణ ఉండడం, తరువాతి మరాఠా రాజులు దానిని కొనసాగించడం ఇందుకు నేపథ్యం. ఫలితంగా ఈ సాహిత్యాన్ని నేటికీ పాడేవారిలోనూ వినేవారిలోనూ తెలుగు మాతృభాష కానివారు అధికసంఖ్యలో ఉన్నారు.

ఈ కృతులు పాడేటప్పుడు ఎక్కువగా జరిగే దోషం పదచ్ఛేద దోషం. అక్షరాలు స్పష్టంగా ఉన్నా మాటను నడుమ విరిచి ఊపిరి పీల్చడం వలన, లేదా రెండు మాటల తునకలను ఒకటిగా కలపడం వలన ఈ దోషం కలుగుతుంది. ఉదాహరణకు 'కలకాలము నిలిచె' అనే మాటలను తీసుకొందాము. 'కలకాలము' అనగా శాశ్వతంగా అని అర్థం. 'కల' వద్ద ఆగి 'కాలము నిలిచె' అని అందుకొంటే కల వేరు, కాలం వేరు అయి, కాలం నిలిచిపోయినదనే అర్థం వస్తుంది. అలాగే 'నీవేల రావు' అనగా 'నీవు ఏల రావు', నీవు ఎందుకు రావడం లేదు అని. 'నీ' వద్ద విరిచి 'వేల రావు' అని పలికితే వేలకొద్దీ ఏవో రావడం లేదని వినేవారికి తోస్తుంది. రెండవ ఉదాహరణలో సంధి వలన చిక్కు వచ్చినది. సంధి తెలియనివారు ఎంత జాగ్రత్తగా పాడినా ఇక్కడ తప్పించుకోలేరు.

ఈ విరుపులన్నిటికీ గాయకులదే తప్పు అనడం న్యాయం కాదు. తాళంలోని ఘాతలు, ధాతువు (స్వరరచన) నడక కొన్నిచోట్ల మాట మధ్యలో విరామాన్ని కోరుతాయి. వాగ్గేయకారులే కొన్ని కృతులలో మాటను రెండు ఆవృత్తాలకు పంచిపెట్టారు. అటువంటి చోట స్వరం ఆగవచ్చును గాని ఊపిరి తీసుకోకూడదు. ఊపిరి తీయకుండా నాదాన్ని సన్నగా నిలిపితే మాట తెగినట్లు చెవికి తోచదు. సంగీతమే ముఖ్యం, సాహిత్యం దానికి ఆలంబన మాత్రమే అనేవారు ఉన్నారు. ఆలాపనకూ, స్వరకల్పనకూ ఆ వాదం చెల్లుతుంది. అర్థంతో ఆర్తిని నివేదించిన కృతి విషయంలో చెల్లదు.

నెరవలు చేయడానికి సాహిత్యంలో ఒక భాగాన్ని ఎన్నుకొన్నప్పుడు ఆ భాగం తనంతట తానుగా అర్థవంతమైనదై ఉండాలని పెద్దలు చెబుతారు. సగం వాక్యాన్ని ఎత్తుకొని పదేపదే పాడితే అర్థం తిరగబడే ప్రమాదం ఉన్నది. 'లేదు', 'కాదు' వంటి వ్యతిరేకార్థక క్రియ తెలుగులో వాక్యం చివర వస్తుంది. దానిని వదలి మొదటి భాగాన్ని మాత్రమే పాడినప్పుడు కవి కాదన్న విషయాన్ని గాయకుడు ఔనని చాటినట్లు అవుతుంది. స్వరకల్పన ముగించి తిరిగి సాహిత్యంలోనికి వచ్చే చోట కూడా ఇదే జాగ్రత్త అవసరం.

త్యాగరాజ కృతులు వాలాజాపేట, తిల్లస్థానం, ఉమయాల్పురం అనే శిష్యపరంపరల ద్వారా మనకు చేరాయి. నోటి నుండి నోటికి వచ్చినందున పాఠాంతరాలు ఏర్పడ్డాయి. ఒక మాట సందేహంగా వినబడినప్పుడు అది నేటి గాయకుని ఉచ్చారణా దోషమో, పరంపరలో ఎప్పుడో చేరిన పాఠమో తేల్చడం అన్నివేళలా సాధ్యం కాదు.

మద్రాసులో 1940 దశకంలో సాగిన తమిళ ఇసై ఉద్యమాన్ని ఈ సందర్భంలో పేర్కొనవచ్చును. శ్రోతలకు అర్థం కాని భాషలో కచేరీ అంతా నడవడం సరికాదనే భావన ఆ ఉద్యమానికి మూలం. 1943లో అక్కడ తమిళ ఇసై సంఘం ఏర్పడినది. తెలుగువారికి ఆనాడు ఇది కొంత నొప్పి కలిగించినా, పాటలోని మాట వినేవారికి తెలియాలనే కోరిక మాత్రం తప్పు పట్టదగినది కాదు.

లిపి వలన కలిగే దోషాలు

తెలుగు చదవడం రాని గాయకులు సాహిత్యాన్ని తమ లిపిలో వ్రాసుకొంటారు. ఏ లిపిలో వ్రాసుకొంటే ఆ లిపిలోని కొరత ఉచ్చారణలో బయటపడుతుంది.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం. ట, త, ప వర్గాలకు కూడా అంతే. అందువలన తమిళ సంగీత పుస్తకాలలో అక్షరం ప్రక్కన 2, 3, 4 అంకెలు వేసి భేదం చూపుతారు. అంకెలను పట్టించుకోకపోతే 'గతి' 'కతి' అవుతుంది, 'దయ' 'తయ' అవుతుంది, 'భజన' 'పజన' అవుతుంది. అయితే ళ, ణ అక్షరాలు తమిళులకు స్వంతమైనవే కనుక వాటిని వారు చక్కగా పలుకుతారు. ఈ రెండు అక్షరాల విషయంలో తెలుగు గాయకులే వారివద్ద నేర్చుకోవలసిన స్థితి వచ్చినది.

దేవనాగరిలో, హిందీ వ్రాతకు వాడే రూపంలో, హ్రస్వమైన ఎ, ఒ లు లేవు. కనుక హిందీ గాయకులు తెలుగు చలనచిత్ర గీతాలను వ్రాసుకొని పాడినప్పుడు 'చెలి' 'చేలి'గా, 'కొడుకు' 'కోడుకు'గా మారే అవకాశం ఉన్నది. హిందీలో పదాంతంలోని అకారం లోపించే అలవాటు మరొక చిక్కు. తెలుగు అజంత భాష, మాట చివరి అచ్చును మింగితే మాట కుంటుపడుతుంది. మహమ్మద్ రఫీ వంటి గాయకులు తెలుగులో పాడారు (భలే తమ్ముడు, 1969). తెలుగు రానివారి చేత పాడించేటప్పుడు ఒక్కొక్క మాటను పలికించి నేర్పడం పాట రచయితకూ సంగీత దర్శకునికీ అదనపు బాధ్యత.

నేటి పిల్లలలో చాలామంది, తెలుగునాట ఆంగ్ల మాధ్యమంలో చదివేవారు, అమెరికా మొదలైన దేశాలలో పెరుగుతున్నవారు, కీర్తనలను ఆంగ్ల లిపిలో వ్రాసుకొని నేర్చుకొంటున్నారు. గుర్తులు లేని ఆంగ్ల లిపి అన్నిటికంటె లోపభూయిష్ఠమైనది. అందులో 'పది', 'పడి', 'పాడి', 'పాది' నాలుగూ ఒకే విధంగా వ్రాయబడతాయి. 'పాట', 'పాత', 'పట' మూడూ ఒకటే. పిల్లవానికి ఆ మాట ముందే తెలిసి ఉంటే ఫరవాలేదు. తెలియకపోతే ఊహించవలసినదే.

పద్యపఠనం

పద్యం పాడడంలో తెలుగువారికి ప్రత్యేకమైన సంప్రదాయం ఉన్నది. సంస్కృత ఛందస్సులో యతి అనగా విరామం. తెలుగులో యతి అనగా పాదంలోని మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ ఉండే మైత్రి. ఉత్పలమాలలో పదవ అక్షరం, చంపకమాలలో పదకొండవది, శార్దూలంలో పదమూడవది, మత్తేభంలో పదునాల్గవది యతిస్థానాలు. తెలుగు కవి ఆ స్థానంలో మాటను ముగించనవసరం లేదు. ఒకే మాట యతిస్థానానికి అటూ ఇటూ పరచుకొని ఉండవచ్చును, పాదం చివర విరిగి తరువాతి పాదంలో పూర్తి కావచ్చును కూడా. పాఠశాలలో పిల్లలు యతిస్థానం వద్దనో పాదాంతంలోనో ఆగి పద్యం అప్పజెప్పడం వలన అర్థం చెడుతుంది. పద్యాన్ని ముందుగా గద్యంలా అన్వయించి, మాటలు విడదీసుకొన్న తరువాత ఛందోగతిలో చదవడం పాతకాలపు ఉపాధ్యాయుల పద్ధతి.

పౌరాణిక నాటకాలలో పద్యం చివర దీర్ఘంగా రాగం తీసి ప్రేక్షకుల చేత 'వన్స్ మోర్' అనిపించుకోవడం ఒక కాలంలో గొప్పగా ఉండేది. రాగం పెరిగినకొద్దీ పద్యం తరిగిపోయినదన్న విమర్శ కూడా ఉన్నది. ఘంటసాల వేంకటేశ్వరరావు (1922-1974) చలనచిత్రాలలోనూ, గ్రామఫోను రికార్డులలోనూ పద్యాన్ని క్లుప్తమైన రాగంతో, ప్రతి మాటా తెలిసేటట్లు, భావానికి తగిన ఊనికతో పాడి కొత్త మార్గం వేశాడు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపం పద్యాలు పామరులకు సైతం కంఠస్థం కావడానికి ఆ కవి ఎన్నుకొన్న తేట మాటలు ఎంత కారణమో, ఈ గాయకుని పలుకు అంత కారణం. పాడుతా తీయగా కార్యక్రమంలో (ఈటీవీ, 1996 నుండి) ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (1946-2020) పోటీలో పాడే పిల్లల ఉచ్చారణను సరిదిద్దడం ప్రేక్షకులకు సుపరిచితం.

రచనలో పదప్రయోగం

రచనలో పలుకు అనగా సమానార్థకాలలో సరైన దానిని ఎన్నుకోవడం. తెలుగులో తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అనే నాలుగు రకాల పదాలు ఉన్నందున ఎన్నిక విశాలమైనది, కనుకనే కఠినమైనది. 'అగ్ని' తత్సమం, 'అగ్గి' తద్భవం, 'నిప్పు' దేశ్యం. మూడింటి అర్థం ఒకటే అని నిఘంటువు చెబుతుంది. కాని పెండ్లి అగ్నిసాక్షిగా జరుగుతుంది, నిప్పు సాక్షిగా జరగదు. జేబులో ఉండేది అగ్గిపెట్టె. పొయ్యిలో రాజేసేది నిప్పు. నిజాయితీ గల మనిషిని నిప్పులాంటివాడు అంటారు, కోపిష్టిని అగ్గిమీద గుగ్గిలం అంటారు. ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి చూస్తే ప్రతి వాక్యమూ చెడుతుంది. విద్య, విద్దె, చదువు అనే మాటలను కూడా విద్యార్థులు ఇలా పరీక్షించి చూడవచ్చును.

ఆలంకారికులు ఈ సూక్ష్మాన్ని ఎప్పుడో గుర్తించారు. ఒక మాటను తీసి దాని పర్యాయపదాన్ని పెట్టడానికి వీలులేని స్థితిని వామనుడు పాకం అన్నాడు. పదాల పరస్పర మైత్రిని శయ్య అన్నారు. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అనేవి అర్థం పాఠకునికి ఎంత తేలికగా అందుతుంది అన్నదానిని బట్టి ఏర్పడిన పేర్లు. మమ్మటుడు చెప్పిన దోషాలలో శ్రుతికటువు (చెవికి కటువైనది), అప్రయుక్తం (వాడుకలో లేనిది), గ్రామ్యం, క్లిష్టం మొదలైనవి పదప్రయోగ దోషాలే. క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో వీటన్నిటినీ ఔచిత్యం అనే ఒక్క మాట క్రిందికి తెచ్చాడు. ఆ శతాబ్దికే చెందిన నన్నయ తన కవిత్వ గుణాలను చెప్పుకొంటూ అక్షరరమ్యతను పేర్కొనడం గమనింపదగినది. వ్రాసిన మాట చెవికి ఎలా ఉంటుంది అన్నది కూడా రచనలో భాగమే అని ఆదికవి భావించినట్లు దీనివలన తెలుస్తున్నది.

ఆధునిక కాలంలో పదప్రయోగంపై పెద్ద వాదం గ్రాంథిక, వ్యావహారిక వివాదం. గిడుగు రామమూర్తి (1863-1940) శిష్టుల వాడుకభాషలో రచన సాగాలని వాదించాడు. గురజాడ అప్పారావు (1862-1915) కన్యాశుల్కం 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో మార్పులతో రెండవసారి వెలువడినది. ఆ నాటకంలో గిరీశం మాట, అగ్నిహోత్రావధానులు మాట, మధురవాణి మాట దేనికదే వేరు. పాత్ర పేరు తీసివేసి చదివినా ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. పదప్రయోగం నేర్చుకొనేవారికి దీనిని మించిన పాఠ్యగ్రంథం తెలుగులో దొరకడం అరుదు.

మాండలికాలు

శుద్ధమైన ఉచ్చారణ అన్నప్పుడు ఎవరి ఉచ్చారణ శుద్ధం అనే ప్రశ్న వస్తుంది. చాలాకాలం కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకొన్నవారి భాష ప్రమాణంగా చలామణి అయినది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర పలుకులు పత్రికలలోనూ చలనచిత్రాలలోనూ హాస్యానికో, దుష్టపాత్రలకో పరిమితం చేయబడ్డాయి. ఈ విషయంలో తెలంగాణవారి అసంతృప్తికి తగిన కారణం ఉన్నది. తన ప్రాంతపు భాషలోనే వ్రాయాలని పట్టుబట్టిన కాళోజీ నారాయణరావు (1914-2002) జన్మదినమైన సెప్టెంబరు 9ని 2014 నుండి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి కథలలో ఉత్తరాంధ్ర పలుకు, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రచనలలో చిత్తూరు ప్రాంతపు పలుకు సాహిత్య గౌరవం పొందాయి.

గానానికి కూడా ఇది వర్తిస్తుంది. జానపద గేయంలో సహజంగా ఒత్తులు తేలిపోతాయి. పల్లె పాటను పాడుతూ ప్రతి మహాప్రాణాన్నీ ఒత్తి పలికితే అది ఆ పాటకు శుద్ధి కాదు, అపచారం. ఏ పాట ఏ నోటి నుండి పుట్టినదో ఆ నోటి పలుకే దానికి ప్రమాణం. నేర్చుకొని పాడుతున్న మాండలికాన్ని అతిగా సాగదీసి వెక్కిరింతగా మార్చడం కూడా దోషమే.

పాట రచనలో రెండూ కలిసే చోటు

పాట రచయిత మాటను అర్థానికి తగినట్లూ, పాడడానికి వీలుగానూ ఎన్నుకోవాలి. చలనచిత్ర రంగంలో బాణీ ముందు కట్టి, దానికి మాటలు కూర్చడం సాధారణం. అప్పుడు మాత్రల లెక్క ముఖ్యమవుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. మింటికి గల పేర్లనే చూస్తే, 'నింగి' మూడు మాత్రలు, 'గగనం' నాలుగు, 'అంబరం' అయిదు, 'ఆకాశం' ఆరు. తిశ్రగతిలో 'నింగి' ఇముడుతుంది, చతురశ్రగతిలో 'గగనం', ఖండగతిలో 'అంబరం' ఇముడుతాయి. లెక్క కుదిరినంత మాత్రాన చాలదు. పల్లెపడుచు పాడే పాటలో 'అంబరం' పొసగదు. లెక్క, ఔచిత్యం రెండూ కుదరనప్పుడు అనుభవజ్ఞుడైన రచయిత వాక్యాన్నే మార్చుకొంటాడు. అనుభవం లేనివాడు హ్రస్వాన్ని దీర్ఘం చేసి గాయకుని మీద వదిలివేస్తాడు.

బాణీలో స్వరం నిలిచే చోట దీర్ఘాచ్చు ఉంటే గాయకునికి సుఖం. ఆ, ఓ, ఏ వంటి అచ్చులకు నోరు బాగా తెరచుకొంటుంది. పై స్థాయిలో ఇ, ఉ ల మీద నిలవడం కష్టం. వేగంగా సాగే చోట 'స్త్ర', 'క్ష్మ' వంటి సంయుక్తాక్షరాలు పడితే ఏదో ఒకటి జారిపోతుంది. ఒక మాట చివరి అక్షరం, తరువాతి మాట మొదటి అక్షరం ఒకటే అయితే వినేవారికి రెండు మాటలు ఒకటిగా తోస్తాయి. ఇవన్నీ కాగితం మీద కనిపించవు, పైకి చదివినప్పుడే తెలుస్తాయి.

అభ్యాసం

సంగీత గురువులలో కొందరు కృతిని నేర్పే ముందు సాహిత్యాన్ని స్వరం లేకుండా వచనంలా చదివించి, పదవిభాగం చేయించి, ప్రతిపదార్థం చెబుతారు. తరువాత తాళం వేస్తూ మాటలు మాత్రమే పలికించి, ఊపిరి తీసుకొనే చోట్లను గుర్తు పెట్టిస్తారు. ఆ పిమ్మటనే స్వరం. వీణ, వయొలిన్ వంటి వాద్యాలు నేర్చుకొనేవారికి కూడా ఇది ఉపయోగకరం. సాహిత్యం తెలిసిన వాద్యకారుడు మీటును గాని, కమాను త్రిప్పడాన్ని గాని మాట మొదలయ్యే చోట ఉంచుతాడు. వాద్యం మీద మాట వినబడకపోయినా దాని విరుపు వినబడుతుంది.

రచన విషయంలో వ్రాసినదానిని మరొకరి చేత పైకి చదివించి వినడం మేలైన పద్ధతి. వ్రాసినవాడు తానే చదువుకొంటే తన మనస్సులోని విరామాలను తెలియకుండానే చేర్చుకొంటాడు. ఇతరులు చదివేటప్పుడు ఎక్కడ తడబడతారో, ఎక్కడ వెనుకకు వెళ్ళి మళ్ళీ చదువుతారో, దిద్దవలసిన మాట అక్కడనో దానికి ఒకటి రెండు మాటల ముందో ఉంటుంది.